చైనాలో కప్పింగ్ చేయించుకున్నాను, మచ్చలు నల్లగా వచ్చాయి. తెలిసినవాళ్లు చెప్పండి

తెనాలి టు షెన్‌జెన్

అందరికీ నమస్తే. చైనాలో ఉంటున్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నాకు 34 ఏళ్లు, నాలుగేళ్లుగా షెన్‌జెన్‌లో ఎలక్ట్రానిక్ విడిభాగాల కొనుగోలు పని. రెండు నెలల నుంచి మెడ, కుడి భుజం పట్టేసినట్టు ఉంటోంది, రాత్రి ఏ పక్కకి తిరిగినా నిద్ర పట్టదు. ఆఫీసులో పక్క సీటాయన చూసి చూసి మొన్న శనివారం వాళ్ల వీధిలో ఉన్న చైనా వైద్యం క్లినిక్‌కి తీసుకెళ్లాడు. 'బాగ్వాన్', అంటే ఈ కప్పింగ్, చేయించుకో, పోతుంది అన్నాడు.

డాక్టర్ పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి. నన్ను బోర్లా పడుకోబెట్టి, స్పిరిట్‌లో ముంచిన దూది ఉండని పట్టకారుతో పట్టుకుని వెలిగించి, గుండ్రటి గాజు కప్పులో ఒక్క క్షణం తిప్పి బయటికి తీసేసి, కప్పుని టక్కున వీపు మీద బోర్లించాడు. చర్మం కప్పులోకి పొంగినట్టు లాగేసింది. అలా 12 కప్పులు. మొదట భయమేసింది గానీ రెండు నిమిషాలకి ఎవరో బరువైన చేత్తో వీపంతా పట్టుకుని పైకి లాగుతున్నట్టు హాయిగా అనిపించింది. పది నిమిషాలయ్యాక తీశాడు. కుడి రెక్క ఎముక దగ్గర రెండు మచ్చలు దాదాపు నల్లగా, నడుము వైపువి గులాబీ రంగులో వచ్చాయి. నల్లవాటిని చూపించి నీకు 'షీచీ' ఎక్కువగా ఉంది, రక్తం కదలకుండా నిలిచిపోయింది, ఇంకా తొమ్మిదిసార్లు రావాలి అన్నాడు.

ఆ రాత్రి నిజంగానే హాయిగా నిద్రపోయాను. మర్నాడు వీడియో కాల్‌లో ఉండగా చొక్కా మార్చుకుంటుంటే అమ్మ చూసేసింది. ఎవరు కొట్టార్రా నిన్ను అని ఒకటే ఏడుపు. వైద్యం అని ఎంత చెప్పినా నమ్మదు. ఆ నలుపు చెడు రక్తమేనా? ఇంకా తొమ్మిదిసార్లు వెళ్లొచ్చా? ఎవరైనా ఓపిగ్గా చెప్పండి.

చెంగ్డు కోడలు

తమ్ముడూ, ముందు మీ అమ్మగారికి ధైర్యం చెప్పు. మాది నెల్లూరు, పెళ్లయి చెంగ్డు వచ్చి పదకొండేళ్లు. మా అత్తగారి వీపు మీద మొదటిసారి ఆ గుండ్రాలు చూసినప్పుడు నేనూ మీ అమ్మగారిలాగే బెదిరిపోయాను.

ఇక్కడ ఇది ఇంటి వైద్యం. మా అత్తగారి దగ్గర బిస్కెట్ల రేకు డబ్బాలో ఎనిమిది గాజు కప్పులు, ఒక వెదురు కప్పు ఉంటాయి. వెదురుది వాళ్ల అమ్మ ఇచ్చింది. మామగారికి జలుబు మొదలవుతుందంటే చాలు, మెడ కింద పెద్ద ఎముక దగ్గర ఒకటి, రెక్కల మధ్య రెండు పెట్టేస్తారు. అది 'ఫెంగ్‌హాన్', అంటే గాలి, చలి ఒంట్లోకి చొరబడ్డాయని వాళ్ల లెక్క. షీచీ అంటే తేమ. చెంగ్డులో ఎండ తక్కువ, ఎప్పుడూ మబ్బు, చెమ్మ. ఆ చెమ్మ ఒంట్లో చేరి బరువుగా చేస్తుందని, అందుకే ఇన్ని మిరపకాయలు, హ్వాజ్యావ్ అనే నాలుక తిమ్మిరెక్కించే మిరియం తింటామని అంటారు. షెన్‌జెన్ కూడా తేమ ఊరే కదా, ఆ డాక్టర్ గారు చెప్పింది ఆ పద్ధతిలో మామూలు మాట. నీకేదో పెద్ద రోగం ఉందని కాదు.

పెట్టే తీరులు చాలా ఉన్నాయి. నీకు చేసింది 'లియూగ్వాన్', పెట్టి కాసేపు ఉంచేది. టకటకా పెట్టి తీసేది 'షాన్‌గ్వాన్', పిల్లలకీ బలహీనంగా ఉన్నవాళ్లకీ అది నయం అంటారు. వీపుకి నూనె రాసి కప్పుని పైకీ కిందికీ జరిపేది 'జౌగ్వాన్', అది మాత్రం అమ్మో, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెదురు కప్పుల్ని మూలికల నీళ్లలో ఉడికించి పెట్టేది ఇంకోటి. సూదితో గుచ్చి పైన కప్పు పెట్టి రక్తం తీసేది వేరే, అది ఇంట్లో ఎవరూ చేయరు, చేయకూడదు.

చేయించుకున్న రోజు చన్నీళ్ల స్నానం వద్దు, ఏసీ గాలి నేరుగా తగలనివ్వొద్దు, వేడినీళ్లు తాగు. ఇక్కడ ప్రతి రోగానికీ వేడినీళ్లే కదా.

కడప కుర్రాడు

బ్రో టెన్షన్ పడకు. నల్లగా వచ్చిందంటే లోపల ఉన్న టాక్సిన్స్ అన్నీ పైకి లాగేసినట్టు. నేను బెంగళూరులో ఆరుసార్లు చేయించుకున్నా, మొదటిసారి నల్లగా, ఆరోసారికి లేత రంగు. అంటే ఒళ్లు శుభ్రపడిందనే కదా. నువ్వు కూడా పూర్తి కోర్సు చేయించుకో, మధ్యలో ఆపితే లాభం లేదు.

వైజాగ్ చర్మవైద్యుడు

కడప తమ్ముడూ, నీకు మేలు జరిగితే సంతోషం, కానీ టాక్సిన్స్ మాట సరికాదు, దాన్ని అలాగే వదిలేస్తే మరొకరు నమ్మి పది కోర్సులు చేయించుకుంటారు.

ఆ మచ్చ కమిలిన గాయం. అంతే. కప్పు లోపల గాలి వేడెక్కి పలచబడుతుంది, కొంత బయటికి పోతుంది, చర్మం మీద బోర్లించగానే చల్లారి ఒత్తిడి పడిపోతుంది, బయటి గాలి ఒత్తిడి ఒంటిని కప్పులోకి నెడుతుంది. ఆ లాగుడికి చర్మం కింద ఉన్న వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాలు చిట్లి రక్తం పక్కకి చిమ్ముతుంది. తలుపుకి మోకాలు కొట్టుకుంటే వచ్చే నలుపు ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కొన్ని రోజులకి ఆకుపచ్చ, తర్వాత పసుపు, రెండు వారాల లోపు మాయం. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ విరిగిపోతూ మారే రంగులవి. విషాలు బయటికి పోవడానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి, వీపు మీద చర్మానికి ఆ పని లేదు.

మరి ఒకచోట నల్లగా, ఒకచోట లేతగా ఎందుకు? కప్పు ఎంత గట్టిగా పట్టింది, ఎంతసేపు ఉంది, అక్కడ చర్మం ఎంత మందం, కింద కండ ఉందా ఎముక ఉందా, వీటిని బట్టి. పెద్దాయన ఆ రెండు కప్పుల్లో మంట ఒక్క క్షణం ఎక్కువ ఉంచినా రంగు మారిపోతుంది. ఆరోసారి లేతగా వచ్చిందంటే లాగుడు తగ్గించి ఉండొచ్చు.

పొక్కుల గురించి కూడా చెప్పాలి. ఎక్కువసేపు ఉంచితే నీటి పొక్కులు లేస్తాయి, తేమ బయటికి వస్తోందని చైనా క్లినిక్‌లలో కొందరు అంటారు. బొల్లి ఉన్నవాళ్లకి మేం చేసే ఒక చికిత్సలో కావాలనే ఇలా చేస్తాం, తొడ మీద గంటన్నర, రెండు గంటలకి పైగా శూన్యపు ఒత్తిడి పెడితే పైపొర కిందిపొర నుంచి విడిపోయి పొక్కు లేస్తుంది, ఆ పైపొరని తీసి తెల్లమచ్చ మీద అతికిస్తాం. ఏ తేమా లేని ఆరోగ్యవంతుడికి కూడా పొక్కు వస్తుంది. కాబట్టి పొక్కు వస్తే మంచిదని ఎవరన్నా నమ్మకండి, అది పుండుకి తలుపు తెరిచినట్టు.

నాన్‌జింగ్ మెడికో

సార్ బాగా చెప్పారు. నేను ఇక్కడ ఎంబీబీఎస్ చివరి సంవత్సరం, మాది కరీంనగర్. విదేశీ విద్యార్థులకి చైనా వైద్యం ఒక సబ్జెక్టుగా ఉంటుంది, కప్పులు పెట్టడం మాతో కూడా చేయించారు. నాకు ఆ క్లాసు చాలా ఇష్టం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

మొదట్లో దీని పేరు 'జ్యావ్‌ఫా', అంటే కొమ్ము పద్ధతి. ఎద్దు కొమ్ముని వాడేవారు. 1973లో హునాన్ రాష్ట్రం చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయి సమాధుల్లో పట్టుగుడ్డ మీద రాసిన పుస్తకాలు దొరికాయి. ఆ మూడో సమాధిని మూసింది క్రీ.పూ. 168లో. అందులో 52 రోగాలకు మందులు చెప్పే గ్రంథంలో మూలవ్యాధికి కొమ్ము పెట్టి లాగే పద్ధతి ఉంది. తర్వాత నాలుగో శతాబ్దంలో గె హోంగ్ అనే వైద్యుడు కొమ్ము గురించి రాశాడు. ఈయన పుస్తకంలోని ఒక చిట్కా నుంచే తూ యూయూ గారు మలేరియా మందు ఆర్టెమిసినిన్ వైపు వెళ్లారు, 2015లో నోబెల్ వచ్చింది. అయితే గె హోంగ్ కప్పుల విషయంలో హెచ్చరించాడు కూడా. గడ్డలు, కణుతులు, మెడలో ఉబ్బిన గ్రంథుల మీద సూదులూ కొమ్ములూ పెట్టకూడదు, పెట్టించుకుని ఆపద తప్పించుకున్నవాళ్లు తక్కువ అన్నాడు. పదిహేడు వందల ఏళ్ల క్రితం మాట అది. ఇవాళ్టి మసాజ్ పార్లర్‌లో ఎవరైనా అంత జాగ్రత్త చెప్తున్నారా?

తాంగ్ రాజుల కాలంలో 752లో వాంగ్ తావ్ అనే ఆయన వెదురు గొట్టాన్ని నీళ్లలో మరిగించి పెట్టే పద్ధతి రాశాడు. 1765లో ఝావ్ శ్యుయెమిన్ అయితే మట్టి కప్పుల గురించి చెప్పాడు. జ్యాంగ్‌షీ, ఫుజ్యెన్ వైపు కుమ్మరులు కాల్చి అమ్మేవారట, బొటనవేలంత చిన్నవి, పొట్ట పెద్దది, రెండు చివర్లూ కొంచెం సన్నం. గాలీ చలీ రోగాలన్నిటికీ జనం అదే వాడుతున్నారని రాశాడు. గాజు కప్పులు తర్వాత వచ్చాయి. 2008లో చైనా ప్రభుత్వం దీనికి జాతీయ ప్రమాణం కూడా పెట్టింది, కప్పు ఎలా పట్టాలి, ఎలా తీయాలి, ఎవరికి వద్దు అని.

మాకు నేర్పింది ఇది. దూది నుంచి స్పిరిట్ చుక్క కారకూడదు, పిండి పట్టుకోవాలి. మంటని కప్పు అంచుకి తగలనివ్వకూడదు, అంచు కాలితే చర్మం మీద గుండ్రంగా వాత పడుతుంది. తీసేటప్పుడు లాగకూడదు, అంచు పక్కన చర్మాన్ని వేలితో నొక్కితే గాలి దూరి కప్పు దానంతటదే వదిలేస్తుంది. మొదటిసారి నేను లాగబోతే మా మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపారు.

వాళ్ల సిద్ధాంతం ఒక్క మాటలో ఉంటుంది. 'తోంగ్ జె బు తోంగ్, తోంగ్ జె బు తోంగ్.' వినడానికి రెండూ ఒకటే, స్వరం మారితే అర్థం మారుతుంది. చక్కగా పారుతుంటే నొప్పి ఉండదు, నొప్పి ఉందంటే పారడం లేదు అని. 'చీ' అంటే ఒంట్లో పారే ప్రాణశక్తి, ఆ చీ, రక్తం ఎక్కడో ఆగిపోయాయి, కప్పుతో కదిలిస్తాం అంటారు.

పాతబస్తీ

మా దగ్గర దీన్నే హిజామా అంటారు, హైదరాబాద్‌లో చాలామందికి తెలుసు. చైనావాళ్లది ఎక్కువగా పొడి పద్ధతి, మాది తడి పద్ధతి, సన్నగా గాట్లు పెట్టి కొంచెం రక్తం తీస్తారు. చాంద్రమాసంలో 17, 19, 21 తేదీలు మంచివని చూసుకుని వెళ్తారు. మా ఇంట్లో ఇది వైద్యమే కాదు, సున్నత్ కూడా, అంటే ప్రవక్త చూపిన ఆచారం, అందుకే తేలిగ్గా మాట్లాడితే మనసుకి కష్టంగా ఉంటుంది. మా నాన్న యునాని హకీం దగ్గర ఏడాదికి ఒకసారి చేయించుకుంటారు, బ్లేడు కొత్తది కళ్ల ముందు విప్పాలి, కప్పు ఒకసారి వాడి పారేసేది అయి ఉండాలి, చేతికి గ్లౌజులు ఉండాలి, లేకపోతే లేచి వచ్చేస్తారు. ఆ పట్టింపు అందరికీ ఉండాలి. హెపటైటిస్ బి రక్తం ద్వారా అంటుకుంటుంది.

ఇంకో విషయం, చైనావాళ్లదే పాతదని అనుకోవద్దు. మా ఆయుర్వేదం ఫ్రెండ్ చూపించాడు, సుశ్రుతుడు రక్తం తీయడానికి మూడు చెప్పాడు. వాతానికి కొమ్ము, పిత్తానికి జలగ, కఫానికి సొరబుర్ర. ఆ సొరబుర్ర లోపల దీపం పెట్టి బోర్లించాలని కూడా ఉంది. గాజు కప్పులో మంట పెట్టడం అదే కదా.

ఏలూరు అమ్మాయి

పై పోస్టులు చదివి గుండె గుభేల్‌మంది. మా నాన్నకి పోయిన ఏడాది స్టెంట్ వేశారు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. మోకాళ్ల నొప్పులని మా ఊళ్లో కొత్తగా తెరిచిన చోట గాట్లు పెట్టి కప్పింగ్ చేస్తామన్నారు, ఎల్లుండి రమ్మన్నారు. మందుల గురించి ఏమీ అడగలేదు. వెళ్లొచ్చా? దయచేసి ఎవరైనా వెంటనే చెప్పండి.

వైజాగ్ చర్మవైద్యుడు

వద్దమ్మా. వెళ్లనివ్వొద్దు. ఆ రెండు మందులూ రక్తం గడ్డకట్టకుండా చేసేవే, గాటు పెడితే రక్తం ఆగడం కష్టం. గాటు లేని పొడి కప్పు పెట్టినా పెద్దగా కమిలిపోతుంది. అంతకంటే ముఖ్యం, 'కప్పింగ్ కోసం రెండు రోజులు మందు ఆపండి' అని అక్కడ ఎవరైనా చెప్తే వినకండి, స్టెంట్ ఉన్నవాళ్లు గుండె డాక్టర్‌ని అడగకుండా ఆ మందులు ఒక్క రోజు కూడా ఆపకూడదు, ప్రాణం మీదికి రావచ్చు. మోకాళ్లకి ఫిజియో, బరువు, నడక, వీటి గురించి వాళ్ల డాక్టర్‌నే అడగండి.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నవాళ్లు, కాళ్లలో నరాలు ఉబ్బినవాళ్లు, ఒంటి మీద పుండో గజ్జో ఉన్నవాళ్లు, గర్భిణులైతే పొట్ట, నడుము మీద, వీళ్లెవరూ చేయించుకోకూడదు. రక్తం తీయించుకునేవాళ్లు నెలనెలా వెళ్తూ ఉంటే రక్తహీనత రావచ్చు.

ఏలూరు అమ్మాయి

చాలా థాంక్స్ సార్. నాన్నకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను, వెళ్లనన్నారు.

గువాంగ్‌జౌ బట్టల వ్యాపారి

నాది చేదు అనుభవం, చెప్పకపోతే తప్పు. మూడేళ్ల క్రితం ఇక్కడ ఒక స్నానాల మసాజ్ సెంటర్‌లో చేయించుకున్నాను, పేరు ఎందుకులే. కుర్రాడు ఫోన్ చూసుకుంటూ పెడుతున్నాడు. దూదికి స్పిరిట్ ఎక్కువైంది, మండుతున్న చుక్క నడుము మీద పడింది. అరచేయంత కాలింది. వెంటనే ట్యాప్ కింద చల్లటి నీళ్లు పోయాల్సింది పోయి వాళ్లు ఏదో పేస్టు పూశారు. ఇరవై రోజులు బోర్లా పడుకున్నాను, మచ్చ ఇప్పటికీ ఉంది. మన మెడికో తమ్ముడు చెప్పిన 'పిండి పట్టుకోవాలి' అనే మాట ఆ కుర్రాడికి ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు నేను వెళ్తే పంపుతో గాలి లాగే ప్లాస్టిక్ కప్పులే అడుగుతాను, మంట ఉండదు. పాత డాక్టర్లు వాటిని చిన్నచూపు చూస్తారు, వేడి లేకపోతే చలి పోదంటారు. పోకపోతే పోనీ, నాకు నా చర్మం ముఖ్యం.

లెక్కల మాస్టారు

మచ్చ సంగతి, కాలిన సంగతి వచ్చాయి, అసలు పనిచేస్తుందా అన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు. నేను డాక్టర్‌ని కాను, నడుము నొప్పితో పదేళ్లు బాధపడి కనపడ్డ ప్రతి పరిశోధనా చదివినవాణ్ని.

2012లో చైనా పరిశోధకులే 1992 నుంచి 2010 వరకు వచ్చిన 135 ట్రయల్స్, అంటే రోగుల మీద చేసిన పరీక్షలు, కలిపి చూశారు. మెడ ఎముకల అరుగుదల, ముఖానికి వచ్చే పక్షవాతం, మొటిమలు, అక్కీ, వీటిలో వేరే చికిత్సకి కప్పింగ్ కలిపితే ఫలితం మెరుగ్గా ఉన్నట్టు తేలింది. కానీ ఆ ట్రయల్స్‌లో చాలావరకు పక్షపాతం దూరే అవకాశం ఎక్కువ ఉన్నవని వాళ్లే ఒప్పుకున్నారు. ఎందుకంటే కప్పు పెట్టారో లేదో రోగికి తెలిసిపోతుంది కదా, మాత్రలో అయితే పోల్చి చూడటానికి మందు లేని చక్కెర బిళ్ల ఇవ్వొచ్చు, కప్పుకి చక్కెర బిళ్ల ఏది?

జర్మనీలో దానికో ఉపాయం చేశారు. కప్పుకి సన్నటి రంధ్రం పెట్టారు, పెట్టినట్టు అనిపిస్తుంది కానీ లాగుడు నిలవదు. 2016లో వచ్చిన ఆ ట్రయల్‌లో ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా రోగులు 141 మంది. నిజం కప్పు పెట్టించుకున్నవాళ్లకి మామూలు చికిత్స మాత్రమే తీసుకున్నవాళ్ల కంటే కొంచెం నయంగా ఉంది, దొంగ కప్పు వాళ్లతో పోలిస్తే తేడా లేదు. 2021లో బ్రెజిల్‌లో దీర్ఘకాలం నడుము నొప్పి ఉన్న 90 మందికి ఎనిమిది వారాలు చేశారు, అక్కడా దొంగ కప్పు కంటే నిజం కప్పు గొప్పగా ఏమీ చేయలేదు.

అంటే ఉపశమనం అబద్ధం అనను. తెనాలి బాబుకి ఆ రాత్రి నిద్ర పట్టడం నిజమే. కానీ అది లాగుడు వల్లా, ఒక పెద్దాయన పది నిమిషాలు శ్రద్ధగా చూసుకున్నందువల్లా, వెచ్చగా కదలకుండా పడుకున్నందువల్లా అన్నది ఇంకా తేలలేదు. తొమ్మిదిసార్లకి డబ్బు కట్టేముందు ఇది తెలియాలి.

డల్లాస్ రన్నర్

ఒలింపిక్ ఈతగాళ్లు చేయించుకుంటారు కదా మాస్టారు? 2016 రియోలో మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ఆ గుండ్రాలు చూసే నేను మొదలుపెట్టాను. మారథాన్ ప్రాక్టీస్ తర్వాత కాళ్లు తేలికవుతాయి.

లెక్కల మాస్టారు

అతనికంటే ముందే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో చైనా ఈతగత్తె వాంగ్ చ్యున్ వీపు మీద అవే గుండ్రాలు ఫొటోల్లో వచ్చాయి తల్లీ. పతకం మచ్చ వల్ల రాలేదు, రోజూ కిలోమీటర్ల కొద్దీ ఈదితే వచ్చింది. నీకు కాళ్లు తేలికగా ఉంటే చేయించుకో, తప్పు లేదు.

విజయవాడ ఫిజియో

తెనాలి అన్నయ్యా, అందరూ మచ్చ గురించే మాట్లాడుతున్నారు, నాకు మాత్రం మీ మొదటి పోస్టు చదివినప్పటి నుంచి వేరే సందేహం. రెండు నెలల నొప్పి, ఏ పక్కకి పడుకున్నా నిద్ర లేకపోవడం మామూలు కండ పట్టేయడం కాకపోవచ్చు. నాలుగు ప్రశ్నలు, నిజం చెప్పండి. నొప్పి మోచేయి దాటి కిందికి వస్తోందా? బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరిగా ఉంటున్నాయా? సీసా మూత తిప్పడానికి, బ్యాగు ఎత్తడానికి కుడిచేతిలో బలం తగ్గిందా? కుడిచెయ్యి ఎత్తి నడినెత్తి మీద పెట్టుకుని కూర్చుంటే హాయిగా ఉంటుందా?

తెనాలి టు షెన్‌జెన్

అమ్మో, చివరిది మీకెలా తెలుసు? ఆఫీసులో అలాగే కూర్చుంటాను, ఏం ఆలోచిస్తున్నావని అందరూ అడుగుతుంటారు. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరి నెల నుంచి ఉంది, మౌస్ పట్టుకోవడం వల్ల అనుకున్నాను. రాయలేదు, క్షమించండి. క్లినిక్ పెద్దాయన కూడా అడగలేదు. బలం తగ్గినట్టు అనిపించలేదు. నిన్న రెండోసారి వెళ్లాను, ఈసారి ఉపశమనం ఒక్క పూటే.

విజయవాడ ఫిజియో

మూడోసారి వెళ్లకండి, ముందు ఆసుపత్రికి వెళ్లండి. మెడలో అయిదో, ఆరో ఎముకల మధ్య డిస్క్ జరిగి నరాన్ని నొక్కుతుంటే సరిగ్గా ఆ రెండు వేళ్లకే తిమ్మిరి వస్తుంది. చెయ్యి నెత్తి మీద పెట్టుకుంటే నరం మీద లాగుడు తగ్గుతుంది, అందుకే హాయి. భుజం మీద ఎన్ని కప్పులు పెట్టినా మెడలో నరానికి అందదు. పైపైన కండ వదులైంది కాబట్టి ఒక రాత్రి నిద్ర పట్టింది, ఆ నిద్ర చూసి మీరు ఇంకో రెండు నెలలు ఆగిపోతారేమోనని నా భయం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చేతి బలం పోయాక వచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చెయ్యి బలహీనమైనా, నడకలో కాళ్లు తడబడినా, మూత్రం మీద అదుపు తగ్గినా అదే రోజు ఎమర్జెన్సీకి. లేదంటే ఈ వారంలో ఎముకల డాక్టర్‌కో నరాల డాక్టర్‌కో చూపించుకోండి.

చెంగ్డు కోడలు

తమ్ముడూ, ఫిజియో గారి మాట విను. నేను మొదట వేడినీళ్లు తాగమని రాసి ఊరుకున్నాను, ఈ ప్రశ్నలు నాకు తట్టనే లేదు, బాధగా ఉంది. మా అత్తగారికి చెప్పాను. వాళ్లలో ఒక సామెత ఉంది, సూదీ కప్పూ పెడితే సగం జబ్బు నయమైనట్టే అని. మరి మిగతా సగం అని అడిగితే 'దానికి ఆసుపత్రి' అన్నారు. ఇక్కడ పెద్ద ఆసుపత్రుల్లో చైనా వైద్యం విభాగం, ఇంగ్లిష్ వైద్యం విభాగం పక్కపక్కనే ఉంటాయి, ముందు ఎముకల విభాగానికి టోకెన్ తీసుకో. భాష కష్టమైతే కొలీగ్‌ని వెంట తీసుకెళ్లు.

తెనాలి టు షెన్‌జెన్

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఎంఆర్ఐ తీశారు. ఫిజియో గారు చెప్పినట్టే అయిదో, ఆరో ఎముకల మధ్య డిస్క్ కుడివైపు నరాన్ని ఒత్తుతోంది. బలం బాగానే ఉంది, ఆపరేషన్ అక్కర్లేదు, చాలామందికి కొన్ని వారాల నుంచి నెలల్లో దానంతటదే తగ్గుతుంది అన్నారు. రెండు వారాలకి మందులు, వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ, ల్యాప్‌టాప్ కింద పుస్తకాలు పెట్టి ఎత్తు చేసుకున్నాను. తిమ్మిరి బొటనవేలికి పోయింది, చూపుడువేలికి కొంచెం ఉంది.

క్లినిక్ పెద్దాయన దగ్గరికి రిపోర్టు పట్టుకుని వెళ్లాను, కోపంతో కాదు, చెప్పాలనిపించింది. కళ్లజోడు పెట్టుకుని ఫిల్మ్ చాలాసేపు చూసి, మెడ మీద ఇక పెట్టను, డాక్టర్ ఒప్పుకుంటే నడుముకి కావాలంటే రా అన్నాడు. కట్టిన డబ్బులో మిగతాది తిరిగి ఇచ్చేశాడు. నాకు ఆయన మీద గౌరవం పోలేదు.

అమ్మకి రోజూ వీడియో కాల్‌లో వీపు చూపించాల్సి వచ్చింది, మొన్నటికి పసుపు కూడా పోయింది. మీ అసలు పేరు తెలియదు ఫిజియో గారూ, మీకు మా అమ్మ దణ్ణం పెట్టమంది. ఇప్పుడు జిమ్‌కి వెళ్లొచ్చా?

విజయవాడ ఫిజియో

అమ్మగారికి నా నమస్కారాలు. జిమ్‌కి ఇంకా వద్దు, తల మీదుగా బరువులు ఎత్తడం అసలే వద్దు. చూపుడువేలి తిమ్మిరి పూర్తిగా పోయి, మెడ రెండు వైపులా నొప్పి లేకుండా తిరిగేదాకా నడక చాలు. అక్కడి ఫిజియో ఇచ్చిన గడ్డం వెనక్కి లాగే వ్యాయామం రోజుకి ఎన్నిసార్లు చేస్తున్నారో రాయండి, ఎలా చేస్తున్నారో కూడా రాయండి, చాలామంది తల కిందికి వంచేసి చేస్తుంటారు.